నొప్పి మూపులోనా, జబ్బలోనా?

(పర్లాకిమిడిలో వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కొంచెం కిందకి దించు. మెడ ఎత్తి అరగంట మాట్లాడితే నాకే నొప్పొస్తుంది. మాట్లాడమన్నది కూడా ఆ నొప్పి గురించే. (నవ్వులు)

నాకు పదిహేడేళ్ళప్పటి సంగతి. ఇంటర్ పరీక్షలైపోయాయి. శ్రీరామనవమి పందిట్లో హరికథకి పక్కవాద్యం వాయించే అవకాశం వచ్చింది. మన వైపు హరికథంటే ఫిడేలు, మృదంగం ఉండాల్సిందే కదా. అప్పటిదాకా రోజుకి గంట సాధన చేసేదాన్ని. ఆ వారం మాత్రం నాలుగు గంటలు చేశాను. నాలుగో రోజు నుంచే ఎడమ పక్క లాగుతోంది. మాస్టారితో చెబితే, "నొప్పి పుట్టకుండా విద్య ఎక్కడొస్తుందమ్మా" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను, ఆయనకీ వాళ్ళ మాస్టారు అదే చెప్పి ఉంటారు. నవమి నాడు మూడు గంటల పైనే వాయించాను. చప్పట్లు కొట్టారు, అరటిపళ్ళూ జాకెట్టు ముక్కా పెట్టారు. ఇంటికొచ్చి పడుకున్నాను.

పొద్దున్న లేచి జడ వేసుకుందామని చేతులు ఎత్తాను. కుడిచెయ్యి వెళ్ళింది. ఎడమచెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. నొప్పి సంగతి తర్వాత, అసలు చెయ్యే పైకి రాదు. దువ్వెన పట్టుకుని అద్దం ముందు అలా నిలబడిపోయాను. ఆ తర్వాత నలభై రోజులు నా జడ అమ్మే వేసింది. పదిహేడేళ్ళ పిల్లకి అది ఎంత నామోషీయో ఇక్కడున్న అమ్మాయిలకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పిల్లల్ని ఒక మాట అడుగుతాను. వాయించేటప్పుడు గానీ, వాయించాక గానీ నొప్పి వచ్చేవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆ చివరి బాబు ఎత్తలేక ఎత్తుతున్నాడు, వాణ్ణి కూడా కలుపుకుందాం. (నవ్వులు) తొమ్మిది మంది. సరే, ఎక్కడ నొప్పి? "భుజం." నీకు? "భుజం." నీకు? "కాంధ." బడిలో ఒడియా కదా, ఆ మాటే ముందు వచ్చింది. ఫరవాలేదు తల్లీ, కానీ "కాంధ" అన్నా "భుజం" అన్నా నాకు ఒక్కటే ఇబ్బంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది? ఒకడు మెడ చూపిస్తాడు, ఇంకొకడు మోచేతి పైన చూపిస్తాడు, ఇద్దరూ భుజమే అంటారు.

మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకి దీనికి బోలెడు మాటలున్నాయి. మెడ పక్క నుంచి భుజం చివరి దాకా, కావడి బద్ద ఆనే చోటు ఉందే, అది మూపు. భుజం చివర నుంచి చేతి మీదికి దిగే కండ జబ్బ. వెనక వీపు మీద పలకలాంటి ఎముక రెక్క. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళోనే ఉండి, పిల్లలకి చదువు చెబుతూ, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ బాధ భరించలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన ఊళ్ళో ఉన్నవాళ్ళం, మూపూ జబ్బా రెక్కా అనే మాటలు మనమే వదిలేస్తే ఎలా? పైగా ఫిడేలు వాయించేవాళ్ళకి వాటితో చాలా పనుంది.

ఎందుకంటే, మూపు నొప్పి అన్నారనుకోండి, నేను మొదట వాయిద్యం పట్టుకోవడం చూస్తాను. మెడకీ భుజానికీ మధ్య దూరం తగ్గిపోయి ఉంటుంది, భుజం చెవి దగ్గరికి ఎగబాకి ఉంటుంది. జబ్బ నొప్పి, అదీ కుడి పక్క అంటే, తీగల మీద గీసే కమాను చూస్తాను. రెక్క కింద సలుపు అంటే వీపు వంగిందా, ఫోను ఎక్కడ పెట్టుకున్నారు అని అడుగుతాను. ఇది వైద్యం కాదు, నేను డాక్టర్ని కాను. పాతికేళ్ళ పైన పిల్లల్ని చూసి పట్టుకున్న ఆనవాళ్ళు ఇవి. ఒక్కోసారి తప్పుతాయి కూడా.

అసలు ఆ కీలు ఎలాంటిదో తెలిస్తే మిగతాది సులువు. బడిలో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే పందెం ఆడారుగా? భుజం కీలు అదే. చెయ్యి ఎముక చివర గుండు నిమ్మకాయ, రెక్క ఎముక అంచున ఉన్న గుంట చెంచా. గుంట లోతు చాలా తక్కువ, గుండు పెద్దది. తొంటి కీలులా లోపలికి కూరుకుని ఉండదు. అందుకే చెయ్యి ఇటూ అటూ ఎటైనా తిరుగుతుంది. మరి నిమ్మకాయ పడిపోకుండా పట్టుకునేది ఏమిటి? చుట్టూ నాలుగు చిన్న కండరాలు, వాటి నరాల్లాంటి తాళ్ళు. వీటన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. అవి చిన్నవి. బరువులెత్తడానికి పుట్టలేదు, గుండుని గుంటలో సరిగ్గా ఉంచడానికి పుట్టాయి. భుజం పైకి ఎత్తి గంటల తరబడి అలాగే బిగించి ఉంచితే మూపు కండ రాయైపోతుంది, ఈ చిన్నవాటికి ఊపిరాడదు. కదిలే కండరానికి రక్తం వస్తూ పోతూ ఉంటుంది. బిగించి ఉంచిన కండరానికి ఆ రాకపోకలు తగ్గిపోతాయి. ఫిడేలు అరకిలో కూడా ఉండదు. కాబట్టి నొప్పి బరువు వల్ల కాదు, బిగింపు వల్ల.

ఇది నాకు విశాఖపట్నంలో ఒక ఫిజియోథెరపీ ఆవిడ చెప్పింది. కానీ అక్కడికి చేరడానికి ముందు చేసిన తెలివితక్కువ పనొకటుంది, అది కూడా చెప్పేస్తాను. జడ వేసుకోలేని మూడో రోజున, నరం పక్కకి తప్పింది, లాగితే పోతుందని ఎవరో అంటే, ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. పేరెందుకు, ఆయన లేరిప్పుడు. నూనె పట్టించి, మోకాలు నా వీపుకి ఆనించి, చెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగారు. ఆ కేక మా వీధి చివరికి వినిపించిందట. అంతకుముందు చెవి దాకా వచ్చే చెయ్యి ఆ తర్వాత గడ్డం దాకానే వచ్చింది. మెత్తగా నూనె రాస్తే, ఉప్పు మూట వెచ్చజేసి కాపడం పెడితే బిగుసుకున్న కండ వదులవుతుంది, మంచిదే. లాగించడం, మెలితిప్పించడం మాత్రం వద్దు. పిల్లల విషయంలో అసలొద్దు.

అప్పుడు నౌపడ దాకా మన చిన్న రైలుండేది. 1900 నాటి లైను అది. ఆ రైల్లో ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నౌపడలో పెద్ద రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. ఫిజియోథెరపీ ఆవిడ ముందు నా చెయ్యి చూడలేదు. "పెట్టె తెచ్చావుగా, తియ్యి, కూర్చుని వాయించు" అంది. నొప్పి అన్నాను. "వాయించక్కర్లేదు, వాయించబోతున్నట్టు పట్టుకో చాలు" అంది. ఆమెకి సంగీతం రాదు. నేల మీద చాప వేయించి, చుట్టూ తిరిగి చూసింది. అప్పుడు ఒక్కటే అడిగింది: "ఈ చివర కింద ఎందుకు వేలాడుతోంది? దీనికి ఆధారం లేదా?"

ఆ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం. ఒకళ్ళు రండి. నువ్వు రా నాన్నా, వాయిద్యం తీసుకుని. చెప్పులు విప్పి బాసింపట్టు వేసుకుని కూర్చో. కుడికాలు కొంచెం ముందుకి చాపు. ఆఁ, అంతే.

పడమటి వాళ్ళు నిలబడి, ఫిడేలుని గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికిస్తారు. దానికి గడ్డం కింద పలక 1820 ప్రాంతంలో స్పోర్ అనే జర్మన్ విద్వాంసుడు కనిపెట్టాడు. ఇప్పుడు వాళ్ళకి షోల్డర్ రెస్టులు కూడా వచ్చాయి. మనం వాయిద్యం మాత్రం వాళ్ళ దగ్గర తీసుకున్నాం, పట్టు మార్చేశాం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ళ ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. తర్వాత మనవాళ్ళు కింద కూర్చుని, ఒక చివర ఎడమ పక్క ఛాతీకి ఆనించి, రెండో చివర, ఆ చుట్ట తిరిగిన తల, కుడికాలి మడమ దగ్గర పెట్టారు. ఎందుకు? ఎడమచెయ్యి ఖాళీగా ఉండాలి. మన గమకానికి, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడానికి, చెయ్యి తీగ మీద జారాలి, షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒక్క ఊపున వెళ్ళి రావాలి. పట్టుకునే పని చేతికి పెడితే జారే పని ఎవరు చేస్తారు?

మా పక్కింట్లో కొమ్ముపని చేసే తాతగారుండేవారు. మన ఊరి కొమ్ముపని గురించి మీకు నేను చెప్పాలా! కొంగో నెమలో చేసేటప్పుడు కొమ్ముని పాదాల సందున ఇరికించి, రెండు చేతులా ఆకురాయి పట్టేవారు. నేను విశాఖపట్నం నుంచి వచ్చి ఫిడేలు కాలి మీద పెట్టుకోవడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటుంటే, అరుగు మీద నుంచి చూసి, "ఇన్నాళ్ళూ నీ కాలు ఏం చేస్తోందే?" అన్నారు. ఏం చేస్తోందంటే, ఏమీ చెయ్యడం లేదు. మెత్తటి పరుపు మీద కూర్చుని సాధన చేసేదాన్ని. పరుపు మీద కాలు దిగబడిపోతుంది, ఫిడేలు తల మడమ మీద నుంచి జారుతుంది. జారకుండా ఎడమ బొటనవేలు ఫిడేలు మెడని పట్టుకుంటుంది, భుజం పైకి లేచి ఫిడేలుని నొక్కుతుంది. ఏడేళ్ళు అలా నొక్కాను. నాలుగు గంటలు, హరికథ, ఇవన్నీ చివర్లో పడిన కాస్త బరువు మాత్రమే.

ఇప్పుడు ఈ బాబుని చూడండి. నాన్నా, ఎడమచెయ్యి పూర్తిగా తీసేసి ఒళ్ళో పెట్టుకో. ఫిడేలు పడిందా? కొంచెం జారింది. కాలు ఇంకో రెండు అంగుళాలు లోపలికి లాగు. ఇప్పుడు తియ్యి. పడలేదు చూశారా. చెయ్యి తీసేసినా ఫిడేలు నిలబడుతోంటే, చెయ్యి దాన్ని మోయడం లేదన్నమాట. రోజూ శ్రుతి చేసుకున్నాక, వాయించబోయే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకోండి. మడమ మీద జారుతుంటే అక్కడ చిన్న పాత గుడ్డ మడత పెట్టండి. ఛాతీ దగ్గర జారుతుంటే జేబురుమాలు పెట్టండి. పట్టుబట్టలు జారుతాయి, కచేరీ రోజున ఆ తేడా తెలుస్తుంది, అందుకే ఒకసారైనా ఆ బట్టలతోనే సాధన చేసి చూసుకోండి. కింద చాప, దుప్పటి, అంతే. పరుపూ వద్దు, కుర్చీ మీద కాళ్ళు ముడుచుకోవడమూ వద్దు. కూర్చున్నప్పుడు నడుము వెనక్కి వాలిపోతుంటే పిర్రల కింద దుప్పటి మడత ఒకటి వేసుకోండి, మోకాళ్ళు తొంటి కన్నా కాస్త కిందకి వస్తాయి, వీపు దానంతటదే లేస్తుంది.

బాబూ, ఇంకొక్క నిమిషం. ఇది ఎవరి ఫిడేలు? "అన్నయ్యది." నీకెన్నేళ్ళు? "తొమ్మిది." ఇదీ మన దగ్గర జరిగేది. "ఎలాగూ ఎదుగుతాడు కదా" అని చొక్కా కొన్నట్టు ఫుల్ సైజు కొంటాం, లేదా అన్నయ్యది ఇచ్చేస్తాం. ఫుల్ సైజు ఫిడేలు పొడవు, మెడ కలపకుండా, 14 అంగుళాలు. త్రీ-ఫోర్త్‌ది దాని కన్నా ముప్పావు అంగుళం చిన్న. "అంతేనా" అనిపిస్తుంది, కానీ తొమ్మిదేళ్ళ చేతికి ఆ ముప్పావు అంగుళమే మోచెయ్యిని తిన్నగా చాపేస్తుంది. మోచెయ్యి వంగి ఉండాలి. చాపి ఉంటే ఆ బరువంతా జబ్బ మీదికి పోతుంది. పదకొండు పన్నెండేళ్ళ దాకా చాలామందికి చిన్నదే సరిపోతుంది. కొనడం కష్టమైతే పెద్ద పిల్లలు వదిలేసిన చిన్న ఫిడేళ్ళు మా ఇంట్లో మూడున్నాయి, అడిగి తీసుకెళ్ళండి. ఇంకో సంగతి, పిల్లలు ఒక్కసారిగా పొడుగెదిగే ఏళ్ళల్లో, అంటే ఆరేడు తరగతుల నుంచి తొమ్మిది దాకా, ఆరు నెలల కిందటి కూర్చునే తీరు ఇప్పటికి సరిపోదు. చేతులు పెరిగిపోతాయి, కండ బలం వెనకబడుతుంది. కాలు ఎంత చాపాలో మళ్ళీ చూసుకోవాలి.

తీగలు బిగించే బిరడాలు బిగుసుకుంటే శ్రుతి చేసేటప్పుడే భుజం పోతుంది. మనకి వానాకాలం చెమ్మకి కర్ర ఉబ్బుతుంది. సబ్బు ముక్క, సుద్ద ముక్క కొంచెం రాస్తే తిరుగుతాయి, జారవు. తీగల్ని ఎత్తి పట్టే గుర్రం మరీ ఎత్తుగా ఉన్నా తీగ నొక్కడానికి బలం కావాలి. ఇవి మీరు చెయ్యకండి, నాకు చూపించండి.

ఇక కుడి పక్క. ఎక్కువ చెప్పను, ఎందుకంటే కుడి జబ్బ నొప్పితో వచ్చే పిల్లల్లో సగం మందికి కమానుకి రోజిన్, అంటే పట్టు కోసం పూసే గట్టి బంక, రాయకపోవడమే కారణం. పట్టు లేని కమాను పలకదు, పలకకపోతే నొక్కుతారు. రాయండి. కమాను చివరి సగం గీసేటప్పుడు మోచెయ్యి తలుపులా తెరుచుకుని మూసుకోవాలి. మొదటి సగంలోనే జబ్బ కదలాలి. భుజం రెండు చోట్లా పైకి లేవకూడదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డులు వినండి. విజయనగరం సంగీత కాలేజీలో విద్యార్థిగా చేరదామని వస్తే ఆచార్యుణ్ణి చేశారని చెప్పుకుంటారు, 1919లో. ఆయన కమాను వింటుంటే ఎక్కడ తిప్పారో తెలియదు. చెయ్యి బిగిస్తే అది వచ్చేది కాదు, నా నమ్మకం.

ఫోను సంగతికి వద్దాం. మన ఊళ్ళల్లో, గునుపురంలో, కాశీనగరంలో గురువు దొరక్క చాలామంది విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఉన్న వాళ్ళ దగ్గర ఫోన్లో నేర్చుకుంటున్నారు. మంచిదే. ఫోను ఎక్కడ పెడతారు? నేల మీద, నీళ్ళ చెంబుకి ఆనించి. అవునా? తల నాలుగున్నర, అయిదు కిలోలుంటుంది. అది వెన్ను మీద తిన్నగా నిలబడి ఉన్నంతసేపు బరువు తెలియదు. గంటసేపు ముందుకి వంచి ఉంచితే రెక్కల మధ్య కండే దాన్ని లాగి పట్టుకోవాలి. స్టూలు మీద నాలుగు పుస్తకాలు పెట్టి ఫోను కంటి ఎత్తుకి తీసుకురండి. అప్పుడు గురువుగారికి మీ చెయ్యీ కనిపిస్తుంది, వాళ్ళకీ లాభమే.

సాధన ఎంతసేపు? ప్రతి తల్లీ నన్నడిగేది ఇదే. నేను గడియారం కన్నా విడతలు చూస్తాను. పాతిక నిమిషాలు వాయించాక వాయిద్యం పక్కన పెట్టి లేవాలి. లేవడమంటే ఫోను తీయడం కాదు. నీళ్ళు తాగాలి, చేతులు కిందకి వేలాడదీసి ఊపాలి, భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలెయ్యాలి, రెక్కలు రెండూ వెనక్కి దగ్గర చేసి అయిదు లెక్కపెట్టి వదలాలి. గోడకి వీపు ఆనించి, చేతులు గోడ మీదే జారుస్తూ పైకి తీసుకెళ్ళి దించాలి. అయిదు నిమిషాలు చాలు. సరళీ స్వరాలు, అంటే మొదటి పాఠాలు, నేర్చే పిల్లలకి ఇలాంటి విడత రోజుకి ఒకటి, మహా అయితే రెండు. వర్ణం మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించేవాళ్ళు మూడో కాలం ఎప్పుడూ చివర పెట్టకండి. అలసిపోయిన చెయ్యి మూడో కాలానికి బిగుస్తుంది. మధ్యలో పెట్టి, చివర ఒక నెమ్మదైన గీతంతో దిగండి.

పరీక్షలు, పోటీలు వస్తే మాత్రం నా తప్పు మీరు చెయ్యొద్దు. గంట నుంచి నాలుగు గంటలకి ఒక్కసారిగా దూకకండి. నెల ముందు నుంచి వారానికి పదీ పదిహేను నిమిషాలు కలుపుకుంటూ వెళ్ళండి. పోటీకి మూడు రోజుల ముందు తగ్గించండి. ఆ మూడు రోజుల్లో కొత్తగా వచ్చేదేమీ ఉండదు, ఉన్నది పోకుండా చూసుకోవడమే.

నొప్పి వచ్చేసింది, ఇప్పుడేం చెయ్యాలి? వాయించేటప్పుడు కాస్త అలసట ఉండి, ఆపాక ఒక అరగంటలో పోతే, తీరు సరిచేసుకుని విడతలు తగ్గించండి. మర్నాటి పొద్దుటికి కూడా ఉంటే రెండు మూడు రోజులు కమాను ముట్టొద్దు. మాత్ర వేసుకుని, స్ప్రే కొట్టుకుని వాయించడం మాత్రం వద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో కూడా తెలియదు. వేళ్ళల్లో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం, చేతిలో గ్లాసు జారిపోవడం, రాత్రి నొప్పికి మెలకువ రావడం, పడ్డాక వచ్చిన నొప్పి, కీలు వాచడం, జ్వరంతో పాటు నొప్పి, నాకులాగా చెయ్యి పైకి రాకపోవడం... వీటిలో ఏదున్నా శ్రీకాకుళమో బరంపురమో, మీకు ఏది దగ్గరైతే అక్కడ డాక్టరుకి చూపించండి. వెళ్ళేటప్పుడు ఫిడేలు తీసుకెళ్ళండి. సిగ్గుపడకండి.

నేను ఆరు వారాలు వాయించలేదు. మొదటి వారం ఏడ్చాను. రెండో వారం నుంచి పాడాను. తాళం వేస్తూ మోహన రాగ వర్ణం పాడుతూ, ఎడమచేతి వేళ్ళు తొడ మీద కదిపేదాన్ని. కమాను లేదు, తీగ లేదు. ఆరు వారాల తర్వాత మొదటి రోజు పదే నిమిషాలు వాయించాను. మర్నాడు నొప్పి లేదు కాబట్టి పన్నెండు, తర్వాత పదిహేను. చిత్రమేమిటంటే, వర్ణంలో నాకు ఎప్పుడూ అపస్వరం పలికే ఒక చోట ఆ ఆరు వారాల తర్వాత శుద్ధంగా పలికింది. పాడినందుకా, భుజం దిగినందుకా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక తల్లి: మా పాప బడి సంచీ, ఫిడేలు పెట్టె రెండూ ఎడమ భుజానికే వేసుకుంటుందండి. చెప్పినా వినదు.)

సంచీ రెండు భుజాలకీ వేసుకోవాలి, ఫిడేలు పెట్టె చేత్తో పట్టుకోవాలి, చెయ్యి మారుస్తూ. వినకపోతే సంచీ ఒకసారి తూచండి. నేనొక పిల్లది తూచాను, ఆ రోజు టైంటేబుల్లో లేని పుస్తకాలే సగం ఉన్నాయి.

(ఒక అబ్బాయి: టీచర్‌గారూ, నొప్పుంటే ఎటు తిరిగి పడుకోవాలి?)

నొప్పి లేని పక్కకి తిరిగి, నొప్పి ఉన్న చెయ్యి కింద ఒక దిండు పెట్టుకో. చెయ్యి ముందుకి వేలాడకూడదు. వెల్లకిలా అయితే మోచెయ్యి కింద చిన్న దిండు. తల కింద చెయ్యి పెట్టుకుని బోర్లా పడుకునే అలవాటుంటే అది మానాలి. నీకుంది కదూ? మొహం చూస్తే తెలుస్తోంది.

పాతపట్నం వెళ్ళేవాళ్ళకి బస్సు టైమవుతోందంటున్నారు. సరే, వాళ్ళు ముందు రండి. ఫిడేళ్ళు తీయండి, ఒక్కొక్కరి బిరడాలు, గుర్రం చూసి పంపిస్తాను. ఎవరి దగ్గరైనా సుద్ద ముక్క ఉందా?